ఆదివారం ఆగే బండి

రాజమండ్రిలో ఒక టూవీలర్ షోరూమ్ సర్వీస్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. బండి విప్పడం నా పని కాదు. బండి తెచ్చినవాళ్ల మాట విని, దాన్ని మెకానిక్‌కి అర్థమయ్యేలా జాబ్ కార్డు మీద రాయడం నా పని. ఒకరు "కుయ్యిమంటోందండి" అంటారు. ఇంకొకరు "ఊపిరాడనట్టు లాగుతోందండి" అంటారు. ఒకాయన అయితే ఏమీ చెప్పకుండా నోటితోనే ఇంజన్ శబ్దం చేసి చూపించి, "అదిగో, ఆ చివర్లో వచ్చింది చూశారా, అదే" అన్నాడు. అలాంటివాళ్లంటే నాకు ఇష్టం.

ఇప్పుడు కౌంటర్లలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, కస్టమరేమో ప్రాబ్లం ఉందంటాడు, మా దగ్గరికొస్తే ఏమీ కనపడదు. ఏం చెయ్యమంటారు?" అని అడుగుతుంటారు. అలా అడిగిన ప్రతివాళ్లకీ నేను పాస్టర్‌గారి బండి సంగతే చెబుతాను.

ఆయనది కొవ్వూరు. వారంలో మిగతా రోజులు ఊళ్లోనే తిరిగినా, ఆదివారం మాత్రం గోదావరి గట్టు వెంట దిగువకి వెళ్లి, ఒక పల్లెలో ఉన్న చర్చిలో ఆరాధన జరిపించేవారు. పొట్టిగా, చలాకీగా ఉండే మనిషి. తెల్లచొక్కా ఎప్పుడూ ఇస్త్రీ చెదరకుండా ఉండేది. మొదటిసారి ఒక సోమవారం పొద్దున వచ్చారు.

"నిన్న దారిలో ఆగిపోయిందమ్మా. సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమంది, అంతే. కాసేపు ఆగి తోస్తే స్టార్టయింది. ఇవాళ చూడండి, నిన్న ఏమీ జరగనట్టే వచ్చేసింది."

బ్యాటరీ గురించి తెలియనివాళ్ల కోసం ఒక్కమాట. బండి నడుస్తున్నంతసేపూ ఇంజన్ తయారుచేసే కరెంటు బ్యాటరీకి చేరుతూ ఉండాలి. అప్పుడు మీటర్ పెడితే పద్నాలుగు వోల్టులు చూపిస్తుంది. పన్నెండుకి దిగిందంటే పైనుంచి ఏమీ రావట్లేదు, బ్యాటరీ తన నిల్వే తాను తినేస్తోందని అర్థం. ఇప్పటి బండ్లకి పగలు కూడా హెడ్‌లైటు వెలుగుతుంది. పెట్రోలు పంపు కూడా కరెంటుతోనే ఆడుతుంది. అందుకని నిల్వ అయిపోతే బండి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

మా ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూశాడు. చక్కగా పద్నాలుగు. ఆయన కువైట్లో పెద్ద పెద్ద ట్రక్కుల వైరింగు చేసొచ్చిన మనిషి. వయసులో నాకంటే కొంచెం పెద్ద. నేను అన్నయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. మీటర్‌కి వాళ్లావిడ చేత గుడ్డసంచి కుట్టించి, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. బండ్లతో మాట్లాడే అలవాటుండేది. "ఏమ్మా, ఎక్కడ నొప్పి, చెప్పు తల్లీ" అంటూ వైర్లు తడుముతుంటే చూడ్డానికి వచ్చే కస్టమర్లు కూడా ఉండేవారు.

బ్యాటరీ పాతబడిందేమోనని కొత్తది వేసి పంపించాం. తరవాతి సోమవారం పాస్టర్‌గారు మళ్లీ వచ్చారు.

"ఈసారి ఇంకాస్త దూరం వెళ్లి ఆగిందమ్మా" అన్నారు, మా పనిలో కొంత మెరుగుదల ఉందని మెచ్చుకుంటున్నట్టు.

ఈసారి బండిని మా దగ్గరే ఉంచుకున్నాం. సీటు తీసి పక్కన పెట్టి, ఎలక్ట్రీషియన్ వైరు వైరూ చూశాడు. ఇంజన్ నుంచి వచ్చే కరెంటుని బ్యాటరీకి సరిపడేలా మార్చే రెగ్యులేటర్ అనే డబ్బా ఉంటుంది. అనుమానంతో దాన్ని మార్చాడు. ధవళేశ్వరం దాకా వెళ్లొచ్చాడు. కోరుకొండ దాకా వెళ్లొచ్చాడు. ఎక్కడా ఆగలేదు. "దీన్ని ఢిల్లీ దాకా తోలుకెళ్లొచ్చు మేడం" అని తాళం నా బల్ల మీద పెట్టాడు.

ఆదివారం బండి మళ్లీ ఆగింది. సోమవారం మళ్లీ మా దగ్గరికొచ్చింది.

ఇక మా వర్క్‌షాపులో పరాచికాలు మొదలయ్యాయి. "బండికి భక్తి ఎక్కువైంది, ఆదివారం సెలవు తీసుకుంటోంది" అని ఒకడు. "శనివారం రాత్రే బండికి ప్రసంగం వినిపించేస్తే సరి" అని ఇంకొకడు. అందరూ నవ్వేవారు, ఎలక్ట్రీషియన్ తప్ప. ఆయనకి అది పరువు సమస్య అయిపోయింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా ఆ బండి చుట్టూ తిరిగేవాడు. "తల్లీ" అనడం కూడా మానేశాడు.

మా మేనేజర్ సేల్స్ నుంచి వచ్చినవాడు. బండి అమ్మమంటే కళ్లు మూసుకుని అమ్మేస్తాడు కానీ, అమ్మిన బండి తిరిగొస్తే ఆయనకి తలనొప్పి వచ్చేది. నన్ను క్యాబిన్లోకి పిలిచాడు.

"మేడం, ఈసారి వస్తే ఫాల్ట్ ఏమీ లేదని రాసిచ్చేయండి. కస్టమర్ వాడకంలో ఏదో తేడా ఉందని చెప్పండి. మర్యాదగా చెప్పండి, పాస్టర్‌గారు కదా."

"ఏం తేడా అని చెప్పమంటారండి?"

"అదే మర్యాదగా చెప్పమంటున్నా."

ఆ "ఈసారి" ఒక శనివారం వచ్చింది. అప్పటికి రెండు వారాలుగా పాస్టర్‌గారు కనిపించకపోయేసరికి, బండి దానంతటదే బాగుపడిందని మేనేజర్ సంబరపడుతున్నాడు. ఆ రోజు పాస్టర్‌గారు గేట్లోకి వస్తుంటే చూశాను. బండి మీదే వచ్చారు. దిగి నా దగ్గరికి వచ్చి, "ఈమధ్య ఆగలేదమ్మా. కానీ రేపు కోత పండుగ, తప్పనిసరిగా వేళకి చేరాలి. ఒక్కసారి మళ్లీ చూసి పెడతారేమోనని" అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే గేటు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి ఒకావిడ దిగి, రంగు కాగితాలూ రిబ్బన్లూ ఉన్న సంచి పట్టుకుని లోపలికి వచ్చి, ఆయన పక్కన కాకుండా కస్టమర్ల బెంచీ చివర కూర్చుంది.

"మా ఆవిడ" అన్నారు పాస్టర్‌గారు. అని బండి దగ్గరికి వెళ్లిపోయారు.

నాకు వింతగా తోచింది. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అమ్మగారూ, మీరు బండి మీద రాలేదేంటండీ?"

"ఆటోలో వచ్చానమ్మా. బ్రిడ్జి మీద ఒకటే ట్రాఫిక్."

"ఇద్దరూ కొవ్వూరు నుంచేగా?"

ఆవిడ సంచిలో రిబ్బన్లు సర్దుకుంది. సర్దినవే మళ్లీ సర్దింది. చివరికి, "నేనెక్కితే ఆగిపోతుందమ్మా" అంది.

నవ్వుతూనే అంది. కానీ ఆ నవ్వు చూస్తే నాకు నవ్వు రాలేదు. కాసేపటికి సంగతంతా చెప్పింది. వారమంతా ఆయనొక్కరే తిరుగుతారు, బండి బాగానే ఉంటుంది. ఆదివారం ఇద్దరూ కలిసి బయలుదేరతారు, దారిలో ఆగుతుంది. ఆవిడ దిగుతుంది, ఆయన కాస్త తోసుకెళ్తే స్టార్టవుతుంది. రెండోసారి అలా జరిగినప్పుడు చర్చిలో ఎవరో, "అమ్మగారెక్కితే బండి అలుగుతోందండోయ్" అని సరదాకి అన్నారు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఆ మాట ఊళ్లో నాలుగు నోళ్లు తిరిగి, పాస్టర్‌గారి అక్కగారి దగ్గరికి చేరేసరికి సరదా కాస్తా పోయింది. "కొంతమంది అడుగు అంతేలే" అన్నారట ఆ అక్కగారు.

"మాకు అలాంటి నమ్మకాలు లేవమ్మా. ఆయన కూడా 'పట్టించుకోకు' అన్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "పట్టించుకోకు అంటూనే, 'ఈ వారానికి మాత్రం నువ్వు ఇంట్లో ఉండిపో, ఆరాధనకి లేటవుతోంది' అన్నారు. ఆ వారం బండి ఆగలేదు. పోయిన వారమూ నేను వెళ్లలేదు. ఆగలేదు."

కోత పండుగంటే ఆ పల్లెలో పెద్ద సందడి. పొలంలో పండినవి, పెరట్లో కాసినవి, అరటిగెలలు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం, అన్నీ చర్చికి తెచ్చి పెడతారు. ఆడవాళ్ల చేత పాటలు పాడించేది ఈవిడే. నెలల తరబడి నేర్పించింది. తీరా పాడే రోజు దగ్గరపడ్డాక రెండు వారాలుగా అటు వెళ్లలేదు. "రేపు కూడా వెళ్లనులెమ్మా. కాగితాలూ అవీ కొనిచ్చేస్తే ఆయన పట్టుకెళ్తారు" అంది.

మూడుసార్లు ఆయన చెప్పింది నేను రాసుకున్నాను. ఎప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, సెల్ఫ్ కొడితే ఏమైంది, అన్నీ అడిగాను. వెనకాల ఎవరు కూర్చున్నారని మాలో ఎవరికీ అడగాలని తోచలేదు. నేను లేచి నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను.

"అన్నయ్యగారూ, మీరు టెస్టుకి వెళ్లినప్పుడల్లా ఒక్కరే వెళ్లారు కదా?"

"అవును మేడం."

"ఇద్దరు కూర్చుంటేనే ఆగుతోందట."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పక్కనున్న మెకానిక్‌ని చెయ్యిపట్టుకుని లాగి వెనక కూర్చోబెట్టాడు. మీటర్ వైర్లు బ్యాటరీకి తగిలించి, పక్క మూతలోంచి బయటికి తీసి, మీటర్ మెకానిక్ చేతికిచ్చాడు. తన మీటర్ ఇంకొకరి చేతికివ్వడం నేను చూడ్డం అదే మొదలు. ఇద్దరూ గట్టు రోడ్డు మీద ఓ చుట్టు తిరిగొచ్చారు.

"పద్నాలుగే మేడం. కదల్లేదు" అన్నాడు మెకానిక్.

మేనేజర్ క్యాబిన్లోంచి బయటికి వచ్చి, "చూశారా, నేను చెప్పలా?" అన్నాడు. బెంచీ మీద ఆవిడ తల దించుకుంది. మగవాడు కూర్చుంటే పద్నాలుగు. ఇక అనుమానమేముంది?

అప్పుడు నేను ఆ మెకానిక్ దిగడం చూశాను. కాలు అటు తిప్పి, గుర్రం మీంచి దిగినట్టు దిగాడు. ఆవిడ కట్టుకున్నది చీర. నేను కట్టుకున్నదీ చీరే.

"నేను కూర్చుంటానండి" అన్నాను.

 వర్క్‌షాపులో స్పానర్లు ఆగిపోయాయి. అన్నేళ్ల ఉద్యోగంలో నేను కౌంటరు దాటి టెస్ట్ రైడ్‌కి వెళ్లింది లేదు. ఎలక్ట్రీషియన్ చెవులు ఎర్రబడ్డాయి. "మేడం, మీరెందుకు, ఎండగా ఉంది" అని నసిగాడు. మేనేజర్ "బావుండదేమో మేడం" అన్నాడు. ఏది బావుండదో మాత్రం చెప్పలేదు. నేను పైటచెంగు నడుముకి బిగించి, రెండు కాళ్లూ ఎడమవైపుకి వేసి, ఒక పక్కగా కూర్చుని, చెయ్యి చాపాను.

"మీటర్ ఇవ్వండి."

నా బరువెంతో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. వెనక టైరు మాత్రం కాస్త నిట్టూర్చింది.

సెంటర్లో నుంచి వెళ్తున్నంతసేపూ పద్నాలుగే. తెలిసినవాళ్లు ఇద్దరు ఎదురుపడి చెయ్యి ఊపారు. రేపటికల్లా ఊరంతా ఏమనుకుంటుందో తలచుకుంటూ నేనూ ఊపాను. గట్టు మీదకి ఎక్కాం. పద్నాలుగు. గోదావరి గాలికి చెంగు ఎగురుతోంది. ఒక చేత్తో చెంగు, ఒక చేత్తో మీటర్. బండిని పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. ఇంతలో ఒక గుంట వచ్చింది. బండి ఎగిరి పడింది, నేనూ ఎగిరి కాస్త వెనక్కి, ఎడమవైపుకి జరిగి పడ్డాను. కళ్లు తెరిచి మీటర్ చూశాను.

"పడిపోయింది! పడిపోయింది!" అని అరిచాను.

ఎలక్ట్రీషియన్ గట్టిగా బ్రేకు వేశాడు. "ఏం పడిపోయింది మేడం? చెప్పా? పర్సా?"

"నంబరండీ! పన్నెండున్నర! ఇప్పుడు పన్నెండు పాయింట్ నాలుగు!"

ఆయన మెడ తిప్పి మీటర్ వంక చూశాడు. ఆయన మొహం అంతగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. "కదలకండి మేడం. ఊపిరి కూడా పీల్చకండి" అన్నాడు. బండిని నెమ్మదిగా తోలుకుంటూ చాలా దూరం వెళ్లాడు. నంబరు దిగుతూనే ఉంది, పైకి రాలేదు. అప్పుడు ఆపి, "ఇప్పుడు దిగండి" అన్నాడు.

దిగాను. ఇంజన్ ఆడుతూనే ఉంది. నా చేతిలో మీటర్ చకచకా పైకెళ్లి పద్నాలుగు దగ్గర కూర్చుంది.

నిజం చెప్పొద్దూ, ఒళ్లు ఝల్లుమంది. వైర్ల సంగతి తెలిసినచోట ఇన్నేళ్లు పనిచేశాను. ఏదో వైరు నలుగుతోందని బుర్రకి తెలుస్తూనే ఉంది. అయినా నేను ఎక్కితే చచ్చి, దిగితే బతికిన ఆ నంబరు చూశాక, మళ్లీ ఎక్కాలంటే కాసేపు కాలు రాలేదు. పాపం ఆవిడ ప్రతి ఆదివారం, అందరి కళ్లముందూ, ఇదే కదా చూసింది అనుకున్నాను.

తిరిగొచ్చాక ఎలక్ట్రీషియన్ సీటు తీశాడు. ఈసారి వైర్ల వంక చూడలేదు. సీటుని బోర్లా తిప్పి, దాని అడుగు చూశాడు. సీటు ఫ్రేముకి తగలకుండా కింద నాలుగు మూలలా రబ్బరు దిమ్మలుంటాయి. వెనక ఎడమవైపుది లేదు. సీటు కవరు మార్పించినప్పుడు ఊడిపోయి ఉంటుంది. సరిగ్గా ఆ మూలకి కిందే, రెగ్యులేటర్ నుంచి వచ్చే వైరు ఉంది. ఒక్కరు కూర్చుంటే సీటు అంతవరకూ దిగదు. ఇద్దరు మగవాళ్లు చెరో కాలు ఇటూ అటూ వేసి కూర్చున్నా బరువు రెండువైపులా సర్దుకుంటుంది. చీర కట్టుకుని ఎడమపక్కకి కూర్చుంటే మాత్రం, గుంటల్లో కుదుపుకి ఆ మూల దిగి వైరుని నొక్కేస్తోంది. పైన తొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగిపోయి, తెగిన కొసలు ఊరికే ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నొక్కితే విడిపోతాయి, వదిలితే కలుసుకుంటాయి. ఇన్నిసార్లు వెతికామా, వెతకడానికి ముందు మేము చేసే మొదటి పని సీటు తీసి పక్కన పెట్టడం.

"కొత్త వైరు వేసేస్తాను, దిమ్మ పెట్టేస్తాను" అని ఎలక్ట్రీషియన్ కత్తెర తీశాడు.

"ఆగండి" అన్నాను. "ముందు ఆవిణ్ణి పిలవండి."

ఆయనకి నా ఉద్దేశం అర్థమైంది. సీటు మళ్లీ తగిలించి, బండి స్టార్ట్ చేసి స్టాండు మీద ఉంచాడు. పాస్టర్‌గారి భార్య వచ్చి దూరంగా నిలబడింది. ఎలక్ట్రీషియన్ తన మీటర్ ఆవిడ చేతిలో పెట్టాడు.

"అమ్మగారూ, మీరు నంబరు చూస్తూ ఉండండి. నేను ఇక్కడ నొక్కుతాను. బండి మీద ఎవరూ లేరు, చూసుకోండి."

ఎడమ మూలన అరచెయ్యి పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. పన్నెండు. వదిలాడు. పద్నాలుగు.

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "నేను నొక్కనా?" అంది. మీటర్ నాకిచ్చి నొక్కింది. పన్నెండు. వదిలింది. పద్నాలుగు. మళ్లీ నొక్కింది, మళ్లీ వదిలింది. అలా ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు, ఎవరూ చాలనలేదు. తరవాత వెనక్కి తిరిగి భర్తను చూసింది.

"ఏవండీ, మీరొచ్చి నొక్కండి."

"తెలిసిందిగా, ఇంకా నేనెందుకు?" అన్నారు పాస్టర్‌గారు.

"రండి."

ఆయన వచ్చి నొక్కారు. పన్నెండు.

"మీ చెయ్యి పెట్టినా అంతే" అంది ఆవిడ. గట్టిగా ఏమీ అనలేదు. అయినా వర్క్‌షాపులో అందరికీ వినపడింది. పాస్టర్‌గారు చెయ్యి తీయకుండా అలాగే సీటు మీద పెట్టుకుని, తల దించుకున్నారు. "అవును, అంతే" అన్నారు. మా మేనేజర్ కూడా వచ్చి తనూ ఒకసారి నొక్కి, "అద్భుతం సార్" అన్నాడు. ఆయన ఏ సందర్భంలోనైనా ఆ మాటే అంటాడు.

కొత్త వైరు పడింది, రబ్బరు దిమ్మ పడింది. ఎలక్ట్రీషియన్ సీటు మీద తన ఇద్దరు శిష్యుల్ని ఎగిరించి గంతులేయించాడు, పద్నాలుగు చెక్కుచెదరలేదు. అప్పుడు సంచిలోంచి క్యారేజీ తీసి, మధ్యాహ్నం భోజనం సాయంత్రం తిన్నాడు.

పిల్లలూ, మీటర్ ఎక్కడ పెట్టాలో నేర్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. బండి ఎప్పుడు ఆగిందని అడగడంతో సరిపెట్టకుండా, ఆ సమయానికి బండి మీద ఎవరెవరున్నారు, ఎలా కూర్చున్నారు అని కూడా అడగండి. చెప్పేవాళ్లు ఒక్కోసారి కౌంటర్ ముందు ఉండరు, బెంచీ చివర కూర్చుని ఉంటారు.

పాస్టర్‌గారు బండి స్టార్ట్ చేశారు. ఆవిడ రిబ్బన్ల సంచి ఒళ్లో పెట్టుకుని, ఎడమవైపుకి కూర్చుంది. మేమందరం పనులు వదిలి గేటు దాకా వెళ్లాం. గేటు దగ్గర స్పీడ్ బ్రేకర్ ఉంది. బండి దాని మీదకెక్కి దిగింది, దిగీ దిగగానే ఆగింది.

 ఎలక్ట్రీషియన్ ఒక అడుగు ముందుకేశాడు. పాస్టర్‌గారు రెండు కాళ్లూ నేల మీద పెట్టి, మెడ తిప్పి వెనక్కి చూస్తున్నారు. ఇంజన్ మాత్రం నిక్షేపంలా ఆడుతోంది.

ఆవిడ ఆయన వీపు మీద చిన్నగా తట్టింది.

"బండి ఆగలేదండీ, మీరు ఆగారు. పోనివ్వండి."